ఇంటి కూడిక మీద పడిన నీడ

తిరుపతి, చిత్తూరు జిల్లాల చర్చిల్లో ‘సెల్ గ్రూప్’ అనే మాట కొత్తది. పని మాత్రం పాతదే. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్, 1865లో సూళ్లూరుపేటలో మొదలైన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ కాలంలో మన పెద్దలు ఎక్కువగా ఒక్కొక్కరుగా కాక కుటుంబాలుగా, చుట్టాలతో కలిసి చర్చిలో చేరారు. వాడలో అప్పటికే ఉన్న బంధమే సంఘమైంది. అందుకే నేటికీ ఇంటి కూడికలో ప్రార్థన ఒక్కటే జరగదు. ఆసుపత్రిలో ఉన్న మనిషికి తోడెవరు పోవాలి, పిల్ల ఫీజుకు ఎవరెంత వేసుకోవాలి అన్నవి కూడా అక్కడే తేలతాయి.

ఇప్పుడు ఆ కూడిక మీద చట్టం నీడ పడింది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరాను 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు బీసీ-సీ కింద దక్కేది 1 శాతం. 1977 నాటి జీవో 341 కొన్ని రాయితీలిచ్చింది గానీ ఎస్సీ హోదా ఇవ్వలేదు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర హైకోర్టు, గుంటూరు జిల్లా కొత్తపాలెం పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, క్రైస్తవుడిగా జీవించేవారికి ఆ చట్టం వర్తించదని చెప్పింది.

తిరుపతిలో ఈ భయానికి మరో ముఖం ఉంది. అన్యమత కార్యక్రమాల్లో పాల్గొన్నారంటూ 2025 ఫిబ్రవరిలో టీటీడీ 18 మంది ఉద్యోగులపై చర్య తీసుకుంది. వారంతా దళితులని మేము అనడం లేదు. మత సంస్థల పదవులకు ఆ మతస్థులే ఉండాలనే నిబంధనకు రాజ్యాంగం 16(5) అధికరణలో చోటుందని కూడా తెలుసు. అయితే ఆదివారం ఎక్కడున్నావన్నది ఉద్యోగ ప్రశ్న అయినప్పుడు ఆ భయం వాడల దాకా వస్తుంది. బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు పెట్టుకున్న చోట పక్కవాడి మీద నమ్మకం ఎలా పెరుగుతుంది?

క్రైస్తవంలో కులం లేదని కోర్టు అంటే మనకు కోపం వస్తుంది. అదే మాట మన బోధకులు వేదిక మీద చెబితే ఆమెన్ అంటాం. పెళ్లి సంబంధం దగ్గర మాత్రం మాలా మాదిగా అని అడుగుతాం. మాలవాడ కూడిక మాలవాడలోనే, మాదిగవాడ కూడిక మాదిగవాడలోనే ఆగిపోతే, చుట్టరికం బలమే మనకు గోడ అవుతుంది.

2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. ఇదే ప్రశ్నను పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఇలాంటి కమిషన్ల ముందుకు కావలసిన సాక్ష్యం మన కూడికల్లోనే ఉంది. మతం మారాక కూడా ఎవరు ఏ వీధిలో చెప్పులు విప్పాల్సి వచ్చింది, ఎవరి శవానికి శ్మశానం దారి మూశారు, ఏ చర్చిలో ఎవరిని వెనక కూర్చోబెట్టారు. వాటిని రాసి పెట్టాలి. జీవోలు చదివి చెప్పగల విద్యార్థి ప్రతి కూడికలో ఒకరుండాలి. నెలకోసారైనా ఒక వాడ కూడిక ఇంకో వాడ ఇంట్లో జరగాలి.

సర్టిఫికెట్ పోతుందేమోనన్న భయం గురించి నోరు విప్పలేని చోట ఎన్ని గ్రూపులు పెట్టినా అది సంఘం కాదు. ముందు ఆ మాట బయటికి రావాలి.