హెస్టరమ్మ కొలువు



మీలో పలువురి యిండ్ల యరుగులమీది కుండీలలో, ఆకు మొదలుకొని కాడ వఱకు ఊదారంగు గలిగి, మూడు రేకుల లేతగులాబి పూవు పూచు చిన్న మొక్క యొకటి యుండును. కొమ్మ విఱిచి మట్టిలో గ్రుచ్చినచో బ్రదుకును. రెండు దినములు నీరు పోయ మఱచినను అలుగదు. దానిని అడిగి కొనిపోయినవారు ఎందఱో కలరు గాని, దాని పేరడిగినవారిని నేను చూచి యెఱుగను. వృక్షశాస్త్రజ్ఞులు ఆ జాతికి ట్రాడెస్కాంషియా యని పేరిడిరి. అది ఇంగ్లండు దేశమునందలి యిద్దఱు తోటమాలుల యింటిపేరు. ఆ తండ్రికొడుకులు ప్రోగుచేసిన వింతవస్తువులే మూలధనముగా ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారి ప్రదర్శనశాల 1683వ సంవత్సరమున వెలసినది. బ్రిటనులో సామాన్యజనులు చూచుటకై తెఱచిన ప్రదర్శనశాలలలో అదియే మొదటిదని చెప్పుదురు. 2033లో దానికి 350 ఏండ్లు నిండును. అంతటి యుత్సవమునకు ఏమి చూపవలెనో పెద్దలు ఏండ్ల ముందుగనే యోచింతురు గదా! కనుక నా మనసులోని మాటను ఇప్పుడే చెప్పుచున్నాను.

ఆ శాలకు ఆష్మోలియన్ అని పేరు. ట్రాడెస్కంటుల వస్తువులతో మొదలైన శాలకు ఆష్మోలు అను పెద్దమనుష్యుని పేరేల వచ్చినది? ఈ పేరు మార్పునకు నడుమ ఒక యిల్లాలు నలిగిపోయినది. ఆమె పేరు హెస్టరు.

పెద్ద జాన్ ట్రాడెస్కంటు ప్రభువుల తోటలలో పనిచేసి, తుదకు మొదటి చార్లెసు రాజుగారి తోటకు అధికారి యయ్యెను. 1618లో రష్యాకును, తరువాత ఉత్తరాఫ్రికా తీరమునకును ఓడప్రయాణములు చేసెను. వెళ్లిన చోటనెల్ల విత్తనములు, దుంపలు సేకరించుటయే గాక గవ్వలు, పక్షుల కళేబరములు, ఆయుధములు, పాదరక్షలు, కంటికి వింతగా దోచిన ప్రతి వస్తువును ఇంటికి చేర్చెడివాడు. లండను నగరమునకు థేమ్సు నదికి ఈవలనున్న లాంబెత్‌లో వారి యిల్లు. జలప్రళయమున సకల జీవులను కాపాడిన ఓడ కథను తలచి జనులు ఆ యింటిని ‘ఓడ’ యని పిలిచిరి. ఆరు పెన్నీలు చెల్లించినవారెల్లరు లోనికేగి చూడవచ్చును. కుమారుడగు చిన్న జాన్ 1637లో అమెరికాయందలి వర్జీనియాకు ఏగి మఱికొన్ని మొక్కలను, వస్తువులను తెచ్చెను. మఱుసటి యేడు తండ్రి గతించెను. ఆ యేడే చిన్న జాన్ హెస్టరును ద్వితీయముగా పెండ్లాడెను.

మొదటి భార్య బిడ్డలు ఇద్దఱు, అమ్మాయి ఫ్రాన్సిసు, అబ్బాయి జాన్. హెస్టరుకు కడుపున బిడ్డలు లేరు. 1645లో చిత్రించిన పటమున ఆమె ఆ సవతి బిడ్డలను ప్రక్కన నుంచుకొని కానవచ్చును. ఆ పటము నేడు ఆష్మోలియన్ వారి సొత్తు. ఆ యేండ్లలో ఆ దేశమున రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరుగుచుండెను. రాజుగారి తోటమాలి యింటికి అది సుఖకాలము కాదు. 1652లో ఆ కుఱ్ఱవాడు పందొమ్మిదవయేట మరణించెను. ఇంటినిండ వస్తువులు, వంశమున వారసుడు లేడు. అట్టి యిండ్లకు ఆప్తులు ఎక్కువగుదురన్నది మనమెఱిగినదే.

ఇలయాస్ ఆష్మోలు న్యాయశాస్త్రమును, జ్యోతిషమును, రసవాదమును ఎఱిగినవాడు, లోకజ్ఞుడు, పెద్దల ప్రాపు గలవాడు. ఈ దంపతులతో మైత్రి చేసి, వస్తువుల పట్టికను సిద్ధపఱచుటకు సాయపడి, అచ్చుకూలి తానే యిచ్చెను. 1656లో వెలువడిన ఆ పట్టికయే ఇంగ్లండులో అచ్చైన ప్రదర్శనశాలా పట్టికలలో మొదటిది. 1659 డిసెంబరులో చిన్న జాన్ తన వస్తుసముదాయము ఆష్మోలునకు చెందునట్లు దానపత్రముపై చేవ్రాలు చేసెను. చేయునప్పుడు తన భర్త త్రాగి యుండెననియు, అందేమి వ్రాసియున్నదో ఎఱుగడనియు హెస్టరు తరువాత వాదించినది. నిజమేమో దైవమునకే యెఱుక. కాని 1661లో ఆయన వ్రాసిన మరణశాసనము మాత్రము వేఱు విధముగా నున్నది. సర్వమును భార్యకు చెందవలెననియు, ఆమె తన యనంతరము ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో తన కిష్టమైనదానికి ఒసగవలెననియు అందున్నది. మరు సంవత్సరము ఆయన గతించెను.

1664లో ఆష్మోలు వ్యాజ్యెము గెలిచెను. వస్తువులు ఆయనవి, హెస్టరు బ్రదికినంతకాలము వానిని ఆయన పక్షమున భద్రపఱచవలెను. ఇది తీర్పు. నిన్నటివఱకు తన యింటివైన పెట్టెలకు ఆమె నేడు కావలిమనిషి. చూడవచ్చినవారికి తలుపు తీయవలె, దుమ్ము తుడువవలె, పురుగు పట్టకుండ ఎండబెట్టవలె. ఒక గవ్వను సైతము తనదని ఎవరి చేతను పెట్టరాదు. పెట్టెల తాళములు మొలను ధరించి, మాట చెల్లకుండ కాలము గడపిన ముదుసలులు మన వంశములలోను ఉండిరి గనుక నేనింతకంటె వర్ణింప నక్కఱలేదు.

1674లో ఆష్మోలు ఆమె యింటి ప్రక్కయింటనే కాపురమునకు వచ్చెను. ఇక కలహములు. హెస్టరు తన గోడకు ఆనించి మట్టి, చెత్త కుప్పగా పోయించినదనియు, ఆ కుప్ప నెక్కి దొంగలు తన కోళ్లను ముప్పదిరెంటిని ఎత్తుకొనిపోయిరనియు ఆష్మోలు ఆరోపించెను. చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. రెండేండ్ల పిదప ఆమె ఆయనను గూర్చి పలికిన నిందలు అసత్యములని యొప్పుకొనుచు కాగితముపై చేవ్రాలు చేసినదని తెలిసికొన్నప్పుడు ఆ నవ్వు నిలువలేదు. 1678 ఏప్రిలులో ఆమె తన తోటలోని కొలనున మునిగి చనిపోయి కనబడినది. ఈ వార్తయు మనకు ఆష్మోలు దినచర్య వలననే తెలియుచున్నది.

ఆష్మోలు దుర్మార్గుడని నేను తీర్పు చెప్పజాలను. ఆయన ఆ వస్తువులను అమ్ముకొనలేదు. తగిన భవనము కట్టించినచో ఇత్తునని విశ్వవిద్యాలయమువారికి షరతు విధించి, వారిచేత కట్టించి, తన సొంత సేకరణములను గూడ చేర్చి ఒసగెను. 1683లో ఆ సామగ్రి పెట్టెలకెత్తి పడవమీద ఆక్స్‌ఫర్డునకు చేరినది. భవనపు క్రిందిభాగమున రసాయనశాల, నడుమ ఉపన్యాసశాల, మీద వస్తువులు. ఆ కట్టుబడిని గూర్చి ఆయన ముందుచూపును మెచ్చవలసినదే. నన్ను పట్టి పీడించునది వేఱొకటి. హెస్టరు భర్త మరణశాసనము చెల్లియున్నను ఆ వస్తువులు ఏదో యొక విశ్వవిద్యాలయమునకే పోవలసియుండెను గదా! చేరవలసిన చోటునకే చేరినవి. ఇచ్చినవారి పేరు మాత్రము మాఱినది.

శాల తెఱచిన తరువాతి ముచ్చట యొకటి చెప్పక విడువలేను. 1710లో ఊఫెన్‌బాఖ్ అను జర్మను పండితుడు అచటికి ఏగెను. ఆ దినము అంగడిదినమట. పల్లెలనుండి వచ్చిన స్త్రీపురుషులతో శాల క్రిక్కిఱిసి యుండెను. ఆరు పెన్నీలకు ఆడువారిని గూడ పైకి రానిచ్చుచున్నారే, వారు అటునిటు పరుగిడుచు అన్నిటిని చేతులతో పట్టి చూచుచున్నారే, కావలివాడు కోపించినను లెక్కచేయరే యని ఆయన చిరాకుపడి వ్రాసెను. కూరలు, గుడ్లు అమ్ముకొని, మిగిలిన కాసులతో సముద్రముల కావలి వింతలను చూడ మెట్లెక్కిన ఆ పల్లెపడుచులను తలచుకొన్న నాకు సంతోషమగుచున్నది. ఆ విశ్వవిద్యాలయమే స్త్రీలకు పట్టముల నొసగుటకు 1920 వఱకు ఆగినది. ప్రదర్శనశాల తలుపు అంతకు రెండువందల యేండ్లకు ముందే తెఱచికొన్నది.

నాటి భవనమునందు నేడు విజ్ఞానచరిత్ర వస్తువులు ఉన్నవి. ఆష్మోలియన్ శాల బోమాంటు వీథిలో 1845నాటి గొప్ప కట్టడములోనికి తరలినది; 1908లో అందలి చిత్రశాలలతో కలిసి కళాపురావస్తుశాల యైనది; 2009లో విస్తరించి మరల తెఱచిరి. ట్రాడెస్కంటుల వస్తువులలో కొన్ని పురుగుల పాలైనవి. వారి యింట నుండిన డోడో పక్షి, ఇప్పుడు ఆ జాతియే లోకమున లేదు, దాని తలయు, ఒక పాదమును మాత్రము మిగిలి అదే విశ్వవిద్యాలయపు ప్రకృతిశాస్త్రశాలలో నున్నవి. వర్జీనియాయందలి ఆదిమజాతుల నాయకుడగు పౌహటను పేర ప్రసిద్ధమైన జింకతోళ్ల వస్త్రము, గవ్వపూసలతో కుట్టినది, ఆష్మోలియన్‌లో నేటికిని చూడవచ్చును.

మన దేశపు వస్తువులును అచట కలవు. వానిలో నాకు మిక్కిలి ప్రియమైనవి బంగారువి కావు, చింపిగుడ్డలు. ఈజిప్టు శాస్త్రమున పండితుడగు పెర్సీ న్యూబెఱ్ఱీ కూడబెట్టిన అచ్చువేసిన నూలుబట్టల పీలికలు 1946లో ఆ శాలకు చేరినవి. అవి 1,200కు పైబడి యున్నవి. ఆయన భార్య ఎస్సీ కుట్టుపనియందు ప్రవీణురాలు. గుజరాతు ప్రాంతమున నేసి, నీలిమందును ఎఱ్ఱరంగును అద్ది, ఓడలపై ఈజిప్టునకు పంపగా, అచటివారు తొడిగి, చించి, పాఱవైచిన బట్టలివి. వానిలో కొన్ని వేయి యేండ్ల నాటివని శాస్త్రపరీక్షల వలన తేలినది. కలంకారీ చూచి పెరిగిన కన్నులకు ఆ తీగలు, చుక్కలు, హంసల బారులు పరాయివిగా దోపవు. ఏ తల్లి యే బిడ్డకు కుట్టిన అంగీ పీలికయో! అట్టి గుడ్డముక్కను మనము గిన్నె దింపుటకు మసిగుడ్డగా వాడుకొందుము.

ఇంకొకటి. 1967లో ఆ శాలవారు లండను వేలములో తిరుమంగై ఆళ్వారు కంచువిగ్రహము నొకదానిని కొనిరి. అది 16వ శతాబ్దమునాటిది. 2019లో ఒక పరిశోధకుడు పాత ఛాయాచిత్రములను వెదకగా, 1957లో తమిళదేశపు తాడికొంబు సౌందరరాజ పెరుమాళ్ కోవెలయందు తీసిన పటములో ఆ విగ్రహమే కనబడినది. శాలవారే ఈ సంగతిని భారత హైకమిషను వారికి తెలిపిరి. తిరిగి యిమ్మని మనవారు కోరగా, 2024 మార్చిలో విశ్వవిద్యాలయ పాలకసభ యందుకు సమ్మతించినది. ఈ ఆళ్వారు కథ మీలో చాలమంది యెఱుగుదురు. భార్య కుముదవల్లి కోరిక మేఱకు నిత్యము వేయిన్నెనిమిదిమంది భాగవతులకు అన్నము పెట్టుటకై దారిదోపిడికి దిగిన మహాభక్తుడాయన. దారులు కొట్టిన ఆళ్వారే కోవెల దాటి సీమకు పోవలసివచ్చుట చూడ, పెరుమాళ్లు ఇంకను పరిహాసము మానలేదనిపించుచున్నది.

మన యిండ్లలో బొమ్మలకొలువు తీర్చునప్పుడు ఏమి చేయుదుము? పేరంటమునకు వచ్చినవారు ఏ బొమ్మను చూపి యడిగినను, ఇది మా అత్తగారి పుట్టింటినుండి వచ్చినది, ఇది కొండపల్లినుండి మా మేనమామ తెచ్చినది, ఇది మా చెల్లెలు పోవునప్పుడు నా చేత పెట్టినది, అని చెప్పుదుము. ఎవరిదో తెలియని బొమ్మ మన కొలువున ఉండదు. ఉన్నచో దానిని గూర్చి నలుగురిలో మాటవచ్చును. విశ్వవిద్యాలయముల కొలువులకు ఈ మర్యాద ఆలస్యముగా తెలియవచ్చినది. ఆళ్వారు విషయమున ఆష్మోలియన్ వారు దానిని పాటించిరి.

కాబట్టి 2033నాటి యుత్సవమునకు నేను కోరునది ఒక్కటే గది. అందు 1659నాటి దానపత్రపు కథను, 1661నాటి మరణశాసనపు కథను ప్రక్కప్రక్కన చెప్పవలెను. పదునాఱేండ్లు వైధవ్యమున ఆ పెట్టెలను తుడిచి కాపాడిన హెస్టరు పటమును నడుమ నుంచవలెను. ద్వారముమీద నున్న పేరును చెఱుపనక్కఱలేదు.

మీ బిడ్డలెవరైనను ఇంగ్లండులో చదువుచున్నచో వారికి జాబు వ్రాయునప్పుడు ఒక మాట చేర్చుడు. ఆక్స్‌ఫర్డునకు పోవుటకు ముందు లండనులో లాంబెత్‌నందలి సెయింటు మేరీ గుడికి పొమ్మనుడు. భర్త పోయిన యేడు హెస్టరు కట్టించిన ట్రాడెస్కంటుల సమాధి అచటనే యున్నది. పాడుపడిన ఆ గుడిని పడగొట్టబోవుచుండగా, ఆ సమాధిని వెదకుచు వచ్చిన రోజ్‌మేరీ నికల్సన్ అను నామె భర్తతో గలిసి పూనుకొని కాపాడినది. 1977 నుండి అది తోటల చరిత్రశాల. ఆష్మోలును గూడ ఆ గుడియందే పాతిపెట్టిరి. అదంతయు చూచిన పిమ్మట ఆక్స్‌ఫర్డునకు రైలెక్కవచ్చును. ఆష్మోలియన్‌లో శాశ్వతప్రదర్శనములు చూచుటకు రుసుము లేదు.