కిటికీ వైపు చూసే పిల్ల

"అంత తెలివైన పిల్లకి చదువు రాకపోవడమేమిటి? పొగరు, అంతే." నా కూతురి ఐదో తరగతి టీచరు నలుగురు తల్లుల ముందు నాతో అన్న మాట ఇది.

కథల పుస్తకం పట్టుకుంటే మూడు గంటలు కదలదు. ఎక్కం అప్పజెప్పమంటే మూడు నిమిషాలు నిలవదు. "చూశారా, ఏకాగ్రత ఉంది, కావాలనే చెయ్యదు" అని తీర్పు. ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత అసలు లేకపోవడం కాదు, దాన్ని కావలసిన చోటికి మళ్ళించుకోలేకపోవడం. ఈ సంగతి తెలియక నేనూ కొట్టాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఎనిమిది వైపులా మనసు నిలిపినాయన్ని అవధాని అని శాలువా కప్పుతాం. పదేళ్ళ పిల్ల మనసు నాలుగు వైపులా పోతే గోడకుర్చీ వేయిస్తాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఇలాంటి శిక్షల్ని నిషేధించిందని ఎంతమంది టీచర్లకి పట్టింది?

కిటికీ వైపు చూసే పిల్ల మనసు అదుపులో లేక చూడవచ్చు. డిస్లెక్సియాతో అక్షరాలు కూడబలుక్కోలేక అలసిపోయి చూడవచ్చు. పాఠం ముందే అర్థమై విసుగెత్తీ చూడవచ్చు. మూడూ ఒక్క పిల్లలోనే ఉండవచ్చు కూడా. అప్పుడు తెలివి ఇబ్బందిని కప్పేస్తుంది, ఇబ్బంది తెలివిని కప్పేస్తుంది. యాభై మార్కుల "మామూలు పిల్ల" మిగులుతుంది. అమెరికా మనోవైద్యుల డీఎస్ఎం గ్రంథమే 2013 దాకా ఆటిజం ఉన్న పిల్లలకి ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయనిచ్చేది కాదు. గ్రంథం మారింది. ఒక పేరు రాసి ఫైలు మూసే అలవాటు మారలేదు.

మగపిల్లవాడు బల్లలెక్కి దూకితే డాక్టరు దాకా తీసుకెళతారు. ఆడపిల్ల చాలాసార్లు నోరు మూసుకుని కలలు కంటుంది, ఎవరికీ అడ్డం రాదు. పొయ్యి మీద పాలు మరిచిపోతే మాత్రం "అత్తారింట్లో ఏం చేస్తావే" అంటాం. 2007లో "తారే జమీన్ పర్" చూసి అందరం ఏడ్చాం. అందులోనూ అబ్బాయే.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలని గుర్తించింది. డిస్లెక్సియా వంటివి అందులో ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు లేదు. రెండూ ఉన్న పిల్ల సగం హక్కుతో సరిపెట్టుకోవాలా?

బడి మానేసిన ఆడపిల్లల జాబితాల్లో, కారణం గడిలో "ఆసక్తి లేదు" అని మనమే నింపాం. ఆ రిజిస్టరు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. మొదటి ఇంట్లో పిల్లకి పెళ్ళి చేసేశారు. మిగతా ఇళ్ళకైనా వెళదాం. పిల్లని తనకి వచ్చిన భాషలో పరీక్షించమందాం. ఒక పేరు దొరికాక రెండోదాని కోసమూ చూడమందాం. తెలివికి తగ్గ పాఠం, ఇబ్బందికి తగ్గ సాయం రెండూ కలిపి ఇమ్మందాం, ఒకటిచ్చి రెండోది ఎగ్గొట్టకుండా.