కరెంటు ఎవరికి, నిర్ణయం ఎవరిది?

మన ఉద్యోగాల్లో క్లయింటుని అడక్కుండా బటన్ రంగు కూడా మార్చం. చిన్న మార్పుకి ఓ కాల్, ఓ మెయిల్, ఆపైన అప్రూవల్. అదే ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వస్తే, ఆ మనిషిని తప్ప మిగతా అందర్నీ అడుగుతాం.

మా మేనత్తకి 69 ఏళ్ళు. రొమ్ములో గడ్డ, రెండు సెంటీమీటర్ల లోపే. గడ్డ వరకే తీసేసారు. చంకలో గ్రంథులకి పాకలేదు, హార్మోన్ మాత్రలకి లొంగే రకం. తర్వాత రేడియేషన్ (మా వైపు 'కరెంటు పెట్టడం' అంటార్లెండి) పదిహేను సిట్టింగులు, మూడు వారాలు అని తేలింది. తేల్చింది ఎవరయ్యా అంటే డాక్టరు గారు, మా బాబాయి, డాలస్‌లో ఉండే మా బావ. వాట్సాప్ గ్రూపులో. అత్తయ్య ఆ గ్రూపులో లేదు. ఆవిడకి చెప్పింది "సోమవారం నుంచి ఆస్పత్రికి వెళ్ళాలి" అని, అంతే.

డాక్టరు తప్పు చెప్పారని నేననట్లేదు. పదిహేను సిట్టింగులు చక్కటి వైద్యమే. కానీ ఉన్న దారి అదొక్కటే కాదు. ఒకప్పుడు ఐదు వారాల పాటు ఇరవై అయిదు సిట్టింగులు ఇచ్చేవారు. 2020లో బ్రిటన్‌లో ఫాస్ట్ ఫార్వర్డ్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఒక్క వారంలో ఐదు సిట్టింగులు ఇచ్చినా, మూడు వారాల పద్ధతికి తీసిపోదని అందులో తేలింది. పరాయి ఊళ్ళో బంధువులింట్లో దిగి రోజూ ఆటోలో తిరిగే మనిషికి మూడు వారాలకీ ఒక వారానికీ తేడా ఎంతో ఎవర్ని అడగాలంటారు?

ఇంకో సంగతి. 2023లో ప్రైమ్ టూ అనే పరిశోధనకి పదేళ్ళ ఫలితాలు వచ్చాయి. 65 దాటినవాళ్ళు, చిన్న గడ్డ, గ్రంథులకి పాకనిది, హార్మోన్ మాత్రలు వాడేవాళ్ళు, అంటే ఇంచుమించు మా అత్తయ్యలాంటి వాళ్ళే. రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టింది వందలో ఒకరికి. తీసుకోని వాళ్ళలో తొమ్మిది, పది మందికి. మరి బతికున్నది? రెండు వైపులా ఇంచుమించు 81 మంది!

ఇక్కడ సరైన జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. "మళ్ళీ ఆపరేషన్ అంటే నా వల్ల కాదు, ఇప్పుడే పెట్టించుకుంటా" అనే మనిషి ఉంటుంది. "చావు బతుకుల్లో తేడా లేనప్పుడు నాకెందుకీ తిరుగుడు" అనే మనిషీ ఉంటుంది. ఇద్దరిదీ న్యాయమే. ఎవరు ఏ రకమో డాలస్ నుంచి కనపడదు కదా.

"పెద్దావిడకి ఈ లెక్కలు ఏం అర్థమవుతాయి" అన్నాడు మా బావ. నలభై ఏళ్ళుగా చీటీపాటలు నడిపిన మనిషి ఆవిడ. ఎవడు ఎన్నో నెలలో ఎగ్గొడతాడో కాగితం లేకుండా చెప్తుంది. వందలో ఒకరు, వందలో తొమ్మిది మంది అన్నది ఆవిడకి అర్థం కాకపోతే మనకి అసలే అర్థం కాదు!

"వింటే భయపడుతుంది" అన్నది రెండో మాట. ఏమీ చెప్పకుండా ఒంటరిగా మిషను కింద పడుకోబెడితే భయం ఉండదా? పైగా ఎడమ రొమ్ము అయితే గుండెకి కిరణాలు తక్కువ తగలాలని చాలాచోట్ల ఊపిరి లోపలికి పీల్చి బిగబట్టమంటారు. ఆ పని డాక్టరు గారూ చెయ్యలేరు, బాబాయీ చెయ్యలేడు.

ఇది కేవలం మర్యాదకి సంబంధించిన విషయం అనుకోకండి. రోగి మత్తులో ఉండగా, తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఆ ఒప్పుకోలు చెల్లదంది. పెద్దవయసు మనిషి, తెలివిలో ఉండి చెప్పగలిగిన మనిషి, ప్రాణం మీదికొచ్చిన తొందర లేనప్పుడు ఆవిడ్నే అడగాలి. వేరే దారులుంటే అవి కూడా చెప్పాలి అని ఆ తీర్పులోనే ఉంది. మన ఆస్పత్రుల్లో మాత్రం ఫారం బిల్లింగ్ కౌంటర్ దగ్గర కొడుకు చేతికిస్తారు.

డాక్టర్లకి టైం లేదన్నది నిజమే. బయట అరవై మంది వెయిటింగ్. కానీ పైన నేను రాసిన అంకెలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఐదు నిమిషాలు. అన్నీ విన్నాక కూడా అత్తయ్య "మీ ఇష్టం డాక్టరు గారూ" అనొచ్చు, చాలామంది అలాగే అంటారు. అననివ్వండి. అది కూడా ఆవిడ నోటితో ఆవిడ చెప్పిన మాటే కదా.