"మీ ఒక్కరికే ఈ సమస్య"

కంపెనీల సహాయ కేంద్రాలకు ఫోను చేసినవాళ్లందరికీ ఆ భాష పరిచయమే. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం." "పై విభాగానికి తెలియజేశాం." "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి." చింతించేదెవరో, ఆ పై విభాగం ఏ అంతస్తులో ఉందో మనకెప్పటికీ తెలియదు. "తప్పు మాది" అన్న ఒక్క మాట తప్ప అన్నీ చెప్తారు. మర్యాదకి మాత్రం ఏ లోటూ ఉండదు. మన అత్తగారిళ్లలో ఇందులో పదోవంతు మర్యాద ఉన్నా చాలు!

నవ్వుకోవచ్చు. కానీ ఈ భాష మనుషుల్ని జైలుకి కూడా పంపింది.

బ్రిటన్‌లో ఊరి దుకాణంతో పాటు చిన్న పోస్టాఫీసు నడుపుకునేవాళ్లు వేలమంది ఉన్నారు. 1999 నుంచి వాళ్లకి ఫుజిట్సు కంపెనీ 'హొరైజన్' కంప్యూటర్లు ఇచ్చారు. పోని డబ్బు పోయినట్లు అవి లెక్క చూపించేవి. ఆ లోటు భర్తీ చేయాల్సింది మాత్రం నడిపేవాళ్లే. హాంప్‌షైర్‌లో జో హామిల్టన్ రెండు వేల పౌండ్ల లోటు చూసి హెల్ప్‌లైన్‌కి ఫోను చేసింది. వాళ్లు చెప్పినట్లే మీటలు నొక్కింది. కళ్లముందే లోటు రెట్టింపైంది! ఇలాంటి సమస్య మీ ఒక్కరికే వచ్చిందన్నారు. అదే మాట వందలమందికి చెప్పారు.

"ఎవరికీ లేని బాధ నీకేనా?" ఇంట్లోనూ, పోలీస్ స్టేషన్‌లోనూ మనం ఎన్నిసార్లు విన్నాం ఈ మాట! ఒంటరిని చేస్తే చాలు, మిగతా పని భయమే చేసుకుంటుంది. దొంగతనం కేసు తప్పితే చాలని హామిల్టన్ దొంగలెక్కలు రాశానని ఒప్పుకుంది. భారతీయ సంతతికి చెందిన సీమా మిశ్రాని 2010 నవంబరులో, కొడుకు పదో పుట్టినరోజు నాడు జైలుకి పంపారు. అప్పుడామె గర్భవతి. 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా కేసులు ఎదుర్కొన్నారు. వ్యవస్థ పటిష్ఠంగా ఉందన్నదే సంస్థ పాట.

అసలు విడ్డూరం వినండి. 2013లో 'బగ్స్' అన్న మాట ఘాటుగా ఉందనిపించి, దానికి మెత్తటి మాట చెప్పమని సంస్థ అధిపతి పౌలా వెన్నెల్స్ తన భర్తని అడిగింది. 'ఎక్సెప్షన్' అనో 'అనామలీ' అనో అనమన్నాడాయన. ఆ కుర్చీలో ఉన్నదీ స్త్రీయే. అది రాయక తప్పదు.

2009లో అలాన్ బేట్స్ పిలుపుమీద ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెలో కొంతమంది కలుసుకున్నాక గానీ ఈ "ఒక్కరు" ఎంతమందో బయటపడలేదు. ఆ తర్వాత 555 మంది కలిసి వేసిన దావాలో, కంప్యూటర్ లోపాలు నిజమేనని 2019లో హైకోర్టు తేల్చింది. హామిల్టన్, మిశ్రాల శిక్షలు 2021లో రద్దయ్యాయి. మిగిలిన వందలమంది కోసం 2024లో పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది.

మన రేషన్ దుకాణాల్లోనూ ఈ భాష వినిపిస్తూనే ఉంది. అంట్లు తోమి, బీడీలు చుట్టి అరిగిపోయిన వేలిని మెషీన్ గుర్తుపట్టకపోతే "నీ వేలు సరిగ్గా లేదమ్మా" అంటారు. మెషీన్ సరిగ్గా లేదని ఎవరూ అనరు. అలా వట్టి సంచితో వెనక్కి వచ్చినవాళ్లు మన బస్తీలో ఎంతమందో, ఏ తేదీన వచ్చారో ఈ నెల నుంచే ఒక నోటుపుస్తకంలో రాద్దాం.