‘వచ్చు’ ధాతువు, ‘రా’ రూపము

అమీరుపేట, పంజగుట్టల వసతి గృహములలో పలు జిల్లాల విద్యార్థులు కలిసి నివసింతురు. ఒకడు ‘వచ్చాడు’ అనును. వేరొకడు ‘వచ్చిండు’ అనును. ఒకరి మాటకు మరొకరు నవ్వుదురు. కాని పిలుచునప్పుడు ఇరువురికిని ‘రా’ యే. రానివాని గూర్చి ‘రాడు’ అనియే.

‘వచ్చు’ నుండి ‘రా’ యెట్లు వచ్చినది? బడి వ్యాకరణము ప్రత్యేక రూపమని చెప్పి ఊరకుండును. పొరుగు భాషలను చూచిన గుట్టు తెలియును. ‘వచ్చు’నకు తమిళమున ‘వరు’, కన్నడమున ‘బరు’ సాటి రూపములు. తమిళపు ‘వరై’కి సాటియైన తెలుగు మాట ‘వ్రాయు’. అదియే నేడు ‘రాయు’. అట్లే పూర్వపు ‘వర’ యందలి రేఫము ముందునకు జరిగి, వకారము జారిపోగా ‘రా’ మిగిలినది. ‘వచ్చు’లో ఆ వకారము నిలిచినది. రెండును ఒక తల్లి బిడ్డలే. ఇట్టి ధాతు పరిణామములను భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువడిన తమ గ్రంథమున శాస్త్రీయముగా పరిశీలించిరి.

ఐరిష్ భాషలోను ఈ క్రియ సూత్రమునకు లొంగదు: ‘రా’ అనుటకు ‘తార్’, ‘వచ్చెను’ అనుటకు ‘హానిగ్’. నిత్యము నోట నానెడు మాటలు పాత రూపములను తేలికగా విడువవు.

సూత్రము తప్పిన ‘రా’ను ఆదరించు ఉపాధ్యాయుడు ‘వచ్చిండు’ అన్న బాలుని తప్పుపట్టుట న్యాయము కాదు. దిద్దుటకు ముందు ఆ మాట చరిత్ర నడుగవలెను.