పొయ్యి గోడకు సిమెంటు, ఆయిల్ పెయింట్ వద్దు

కార్తీకం దాటినాక మన కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు పక్క రాత్రి చలి గురించి చెప్పాల్సిన పని లేదు. చాకీకి 27, 28 డిగ్రీలు, పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు ఉండాలంటే షెడ్డులో వేడి పెట్టక తప్పదు. కరెంటును నమ్మలేక చాలామంది కట్టెల పొయ్యి కట్టించుకుంటున్నారు. మంచిదే. పొయ్యికి, గొట్టానికి డబ్బు పెడుతున్నారు గానీ, దాని చుట్టూ గోడను మాత్రం మేస్త్రికి వదిలేస్తున్నారు.

నేనూ అదే చేసినాను. పొయ్యి నోరు బయట వసారాలో, డ్రమ్ము షెడ్డు లోపల. డ్రమ్ము గోడలో దూరే చోట సిమెంటుతో బిగించి, గోడంతా సిమెంటు పూసి, కడగడానికి సులువని ఆయిల్ పెయింట్ కొట్టించినాను. చలి పంటకు మంట వేసిన నాలుగో రోజే పెయింట్ పొక్కులు లేచి ఒకటే వాసన. ఇనుము వేడికి పెరిగినంత గోడ పెరగదు కదా, డ్రమ్ము చుట్టూ బీట పడి పొగ లోపలికే వచ్చింది. రెండో జ్వరం లేచిన పురుగు ఆకు వదిలి అంచులకు పాకింది. ఆ తర్వాతి పంటలో ఆ గోడ పక్క అరల్లోనే సున్నకట్టు ఎక్కువ కనిపించింది. బీటల వల్లే అని తేల్చి చెప్పలేను, అనుమానం మాత్రం పోలేదు.

పాతకాలం మాదిరి మట్టి పూస్తే చాలదా అంటారు. వంటింట్లో అయితే చాలు, మట్టి వేడికి బాగా తట్టుకుంటుంది. మన షెడ్డులో పంటకూ పంటకూ మధ్య 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లు గోడలు తడిసేలా కొట్టాలి. ఆ తడికి మట్టి రాలుతుంది, పగుళ్లలో రోగం దాక్కుంటుంది.

అందుకే నేను సున్నపు గార అంటాను. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, కొంచెం ఇటుక పొడి. నునుపుగా పూసి, ప్రతి పంటకు సున్నం కొట్టుకోవడమే. డ్రమ్ము చుట్టూ సందులో మాత్రం ఇసుక కలిపిన బంకమట్టి కూరండి, పగిలితే మళ్లీ మెత్తుకోవచ్చు. గోడ ముందు అంగుళం ఎడంగా ఒక రేకు, కిందా పైనా తెరిచి, బోల్టులతో తగిలించండి. కింద దూరిన గాలి వేడెక్కి పైనుంచి షెడ్డులోకే వస్తుంది, గోడ కాలదు. బ్లీచింగ్ ఇనుమును తింటుంది, మందు కొట్టే ముందు రేకు విప్పేయండి. ఎండాకాలానికి కట్టిన థర్మోకోల్, షేడ్ నెట్, గోనెపట్టాలు పొయ్యికి మూడడుగుల లోపల ఉండకూడదు.

రాత్రి మేత వేసి షెడ్డులోనే పడుకునేవాళ్లు బీటలను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. పొగ కంటికి కనబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

గూళ్లు దించగానే పాత పూత చెక్కించి పని మొదలుపెట్టండి, గార ఆరడానికి రోజులు పడతాయి. తడి గార మీద పెద్ద మంట వేయొద్దు. మొదటి వారం చిన్న చిన్న పుల్లలతోనే.