రోబో చేరింది సరే, జబ్బు తేలిందా?

"రోబోతో బయాప్సీ చేశారట, క్యాన్సర్ కాదని తేలిపోయిందట." ఊపిరితిత్తిలో గడ్డ కనిపించిన ఇంట్లో ఈ మధ్య ఈ మాట తరచుగా వినిపిస్తోంది. చదువుకున్నవాళ్లే అంటున్నారు. ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. బయాప్సీ చేసింది రోబో కాదు. తేలిపోవడం అంతకంటే కాదు. మొదటి తప్పు అమాయకత్వం, వదిలేయవచ్చు. రెండోది ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు యంత్రం సంగతి. శ్వాసనాళాల్లోకి గొట్టాన్ని నడిపే రోబో యంత్రాల్లో మోనార్క్‌కు 2018లో, అయాన్‌కు 2019లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయాన్ గొట్టం మందం 3.5 మిల్లీమీటర్లు, లోపల పరికరాలు వెళ్లే దారి 2 మిల్లీమీటర్లు. డాక్టరు ట్రాక్‌బాల్ తిప్పుతుంటే అది శ్వాసనాళాల చివరి కొమ్మల దాకా పోతుంది, వంచిన చోట వంచినట్టే నిలబడుతుంది. అది నిజమైన గొప్పతనమే. కానీ గడ్డ దగ్గరికి చేరాక ఏమవుతుంది? అయాన్‌లోనైతే కెమెరాను బయటికి లాగేస్తారు, సూది వెళ్లాల్సింది ఆ దారినే కాబట్టి. ఆ సూదిని పొడిచేది డాక్టరు చెయ్యే. అందులో అసలు ముక్క తీసే క్షణాన అక్కడ కెమెరా కన్ను లేదు, సొంతంగా నిర్ణయించే రోబో అంతకన్నా లేదు.

ఇక సాక్ష్యం. 2021లో వెలువడిన బెనిఫిట్ అధ్యయనం చూడండి. మోనార్క్‌తో ఐదు ఆసుపత్రుల్లో 54 మందికి చేశారు. లోపలి అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనిపించింది 96 శాతం మందిలో. జబ్బు ఏమిటో తేలింది 74 శాతం మందిలో. చేతికందినది నోటికందలేదన్నమాట! మరి జనం నోట ఆడుతున్నది ఏ అంకె? మొదటిదే. చేరడాన్ని తేల్చడంగా చెప్పుకోవడం ఇక్కడే మొదలైంది.

ఎందుకింత తేడా? దారి చూపే సీటీ స్కాన్ తీసేటప్పుడు రోగి మెలకువగా, నిండుగా ఊపిరి పీల్చి ఉంటాడు. బయాప్సీ టేబుల్ మీద మత్తులో, వెంటిలేటర్ మీద ఉంటాడు. ఊపిరితిత్తి ఆకారం మారుతుంది, గడ్డ జరుగుతుంది. తెర మీద కనిపించే దారి నిన్నటిది, లోపలున్న ఊపిరితిత్తి ఇవాళ్టిది. పైగా మత్తులో ఊపిరితిత్తి అడుగుభాగాలు గాలి లేక ముడుచుకుపోతాయి. ఐ-లొకేట్ అధ్యయనంలో 57 మందిలో 51 మందికి అలా జరిగింది. ఆ ముడుచుకున్న చోటు అల్ట్రాసౌండ్‌లో అచ్చం గడ్డలాగే కనిపించగలదు. కాబట్టి "గడ్డ కనిపించింది" అన్న మాటనే పూర్తిగా నమ్మలేనప్పుడు, అక్కడ తీసిన ముక్కలో క్యాన్సర్ లేదంటే దాని విలువెంత? సూది గడ్డలోనే ఉందని అప్పటికప్పుడు, టేబుల్ మీదే తీసే కోన్‌బీమ్ సీటీ వంటి దానితో చూశారా లేదా అన్నది రోబో పేరు కంటే పెద్ద ప్రశ్న.

లెక్క కట్టే తీరు ఇంకా ఘోరం. పాథాలజీ రిపోర్టులో "వాపు కణాలు" అని మాత్రమే రాసి ఉందనుకోండి. ఒక చోట దాన్ని "నిర్ధారణ అయింది" ఖాతాలో వేస్తారు, మరో చోట వేయరు. మరో చోట ఏడాది ఆగి, గడ్డ పెరగకపోతే వెనక్కి వెళ్లి గెలుపుగా రాసుకుంటారు. ఒకే చేయి, ఒకే యంత్రం, శాతాలు మాత్రం వేరు. 2024లో అమెరికా ఛాతీ వైద్యుల సంఘాలు రెండు కలిసి దీనికి గట్టి నిర్వచనం చెప్పాయి: ఫలానా జబ్బు అని స్పష్టంగా తేలితేనే లెక్కలోకి వస్తుంది, ఉత్త వాపు, మామూలు కణజాలం లెక్కలోకి రావు. అంతకు ముందటి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఏ కొలబద్దతో పోలుస్తున్నారు?

అమెరికాలోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో అయాన్‌తో 159 గడ్డలకు 81.7 శాతం నిర్ధారణ వచ్చిందని ఎదురు చెబుతారు. వచ్చింది. ఆరితేరిన ఒకే కేంద్రం, పోల్చడానికి రెండో పక్షం లేని లెక్క అది. పోల్చి చూసినప్పుడు ఏమైంది? అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జరిగిన రిలయంట్ ప్రయోగంలో ఏ రోజు ఏ యంత్రమో యాదృచ్ఛికంగా తేల్చి, 400 మందికి పైగా రోగుల్లో రోబోను రోబో కాని నావిగేషన్ పద్ధతితో పోల్చారు. రోబో తీసిపోలేదు. మించిందనీ రుజువు కాలేదు.

2025లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చిన వెరిటాస్ ప్రయోగాన్ని రోబో విజయంగా చూపేవాళ్లున్నారు. అందులో రోబో లేనే లేదు! అది శ్వాసనాళాల లోపలి నుంచి వెళ్లే విద్యుదయస్కాంత నావిగేషన్ బ్రాంకోస్కోపీకీ, ఛాతీ మీద నుంచి సూది పొడిచే బయాప్సీకీ మధ్య పోటీ. కచ్చితత్వం వరుసగా 79 శాతం, 73.6 శాతం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం 3.3 శాతం, 28.3 శాతం. ఇదీ అసలైన లాభం, చాలా పెద్ద లాభం. కానీ ఆ ఘనత లోపలి దారిది, రోబోది కాదు. ఆ దారిలో కూడా ఐదుగురిలో ఒకరికి సరైన జవాబు రాలేదన్న సంగతి ఎందుకు మింగేస్తున్నారు?

మన దగ్గర ఇంకో చిక్కు. టీబీ మచ్చలు విరివిగా ఉండే నేల ఇది. గడ్డల్లో అధికభాగం క్యాన్సరే అయిన అమెరికన్ కేంద్రాల శాతాలను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న రోగికి యథాతథంగా చెప్పడం శాస్త్రం అనిపించుకోదు.

రోబో వద్దని నేననడం లేదు. డాక్టరు చెబితే చేయించుకోండి. రిపోర్టు చేతికొచ్చాక మాత్రం రెండు ప్రశ్నలు అడగండి: ఫలానా జబ్బు అని అందులో పేరు రాసి ఉందా? లేకపోతే, తర్వాతి సీటీ ఎప్పుడు? ఆ తేదీ కాగితం మీద రాయించుకోకుండా ఇంటికి రావద్దు.